హాజరు

ఆ కుర్రవాడికి ఇంకా పదకొండు గంటలు తక్కువ.

ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరిన విద్యార్థి ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి. రెండేళ్ళకు 240. చేసిన గంటలు డైరీలో రాసి, చేయించుకున్నవాళ్ళ చేత సంతకం పెట్టించుకోవాలి. అప్పుడే సర్టిఫికెట్. కుర్రవాడు మొక్కలు నాటాడు. రక్తదాన శిబిరంలో కుర్చీలు మోశాడు. గరుడసేవ రోజు తిరుమలలో మంచినీళ్ళు అందించాడు. అయినా పదకొండు గంటలు మిగిలిపోయాయి. తిరుపతిలో పెద్ద పరుగు పెడుతున్నారు, వాలంటీర్లు కావాలి అని కాలేజీకి కబురు రాగానే అందరికంటే ముందు పేరిచ్చాడు.

పరుగు ఆదివారం. పని మాత్రం శనివారం పొద్దున్నే మొదలైంది.

పరిగెత్తేవాళ్ళు రెండు వేల మంది. ఒక్కొక్కరికి ఒక టీ షర్టు, ఛాతీ మీద పెట్టుకునే నెంబరు కాగితం ఒకటి, దాన్ని తగిలించుకోవడానికి నాలుగు పిన్నీసులు. ఆ కాగితాన్ని అందరూ బిబ్ అంటున్నారు. నెంబరు పెద్దక్షరాల్లో, కింద మనిషి పేరు. కుర్రవాడికి పిన్నీసుల పని పడింది. పెట్టెలోంచి తీయడం, నాలుగేసి లెక్కపెట్టడం, బిబ్ నాలుగు మూలలా గుచ్చడం. మధ్యాహ్నానికి వేళ్ళకు చిల్లులు పడ్డాయి. సాయంత్రానికి పెట్టె ఖాళీ అయింది. బిబ్‌లు ఇంకా మూడొందలు మిగిలాయి.

కమిటీ కార్యదర్శి వచ్చి చూశాడు.

"బిబ్‌కు నాలుగే కదా వేస్తా ఉండేది?"

"నాలుగే సార్."

"మరి ఎట్ల తక్కువొచ్చినాయి? వచ్చినోళ్ళు తలా రెండు ఎక్కువ తీసుకోనుంటారు. పిన్నీసే కదా అని వదిలేస్తే ఎట్ల? లెక్క లెక్కే."

గాంధీ రోడ్డులో అంగళ్ళు మూసేలోగా ఒకరిని బండి మీద పంపి తెప్పించారు.

పరుగుకు టీ షర్టులిచ్చిన దాత భార్య చీకటి పడ్డాక కారులో వచ్చింది. ఆమె లైన్లో నిలబడాల్సిన అవసరం లేకపోయింది. 1108 నెంబరు బిబ్‌ను కార్యదర్శే తీసుకుని కారు దగ్గరికి నడిచాడు. అందులో నాలుగు పిన్నీసులున్నాయో లేదో ఒకసారి చూసుకుని మరీ ఇచ్చాడు.

రాత్రి పదింటికి టైమింగ్ మనిషి వచ్చాడు. హోసూరు తెలుగాయన. వ్యాన్‌లోంచి నల్లటి రబ్బరు మ్యాట్లు దింపించాడు. బయల్దేరే చోట ఒకటి, మలుపు తిరిగే చోట ఒకటి, ముగిసే చోట ఒకటి. ప్రతి బిబ్ వెనకా వేలెడంత చిప్ అతికించి ఉంది. దానికి బ్యాటరీ ఉండదు. మ్యాట్ దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం, మ్యాట్ పంపే రేడియో తరంగాలు తగిలి, తన నెంబరు తానే చెప్పుకుంటుంది. పక్కనున్న పెట్టె కీచుమంటుంది. కంప్యూటర్లో టైము పడుతుంది.

"మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి ఉంటే చాలు కదా సార్, మధ్యలో ఎందుకు?" అన్నాడు కుర్రవాడు.

టైమింగ్ మనిషి కథ చెప్పాడు. 1980లో అమెరికాలో బోస్టన్ మారథాన్. రోజీ రూయిజ్ అనే ఆమె ఆడవాళ్ళలో అందరికంటే ముందొచ్చింది. తలమీద ఆకుల కిరీటం పెట్టారు. 42 కిలోమీటర్లు పరిగెత్తినా చెమట పెద్దగా పట్టలేదేమిటని చూసినవాళ్ళకు అనుమానం వచ్చింది. విచారిస్తే, దారిలో నెంబర్లు రాసుకున్నవాళ్ళెవరూ ఆమెను చూడనే లేదు. చివర్లో జనం మధ్య నుంచి వచ్చి దారిలో కలిసింది. ఎనిమిది రోజుల తర్వాత ఆ గెలుపు తీసేసి, కెనడాకు చెందిన జాక్వెలిన్ గారోకు ఇచ్చారు. 1996లో నూరో బోస్టన్ మారథాన్ వచ్చేసరికి పరిగెత్తేవాళ్ళ బూట్లకు చిప్‌లు వచ్చాయి.

"మన మెట్లదారిలో టోకెన్ తనిఖీ లేదా? అట్లాగే ఇదీ" అన్నాడు. "మనిషి కన్ను మోసపోతుంది. మ్యాట్ మోసపోదు."

అయినా మలుపు దగ్గర ఒక మనిషి ఉండాలన్నాడు. కరెంటు పోయినా, పెట్టె ఆగిపోయినా అక్కరకొచ్చేట్టు, కీచుమన్నప్పుడల్లా నెంబరు చూసి కాగితం మీద రాసుకోవాలి. ఆ పని కుర్రవాడికిచ్చారు.

అదే రాత్రి ఊరి ఇంకో మూల, చెత్త ఎత్తే కాంట్రాక్టరు దగ్గర పనిచేసే ఒకామెకు మేస్త్రీ ఫోను చేశాడు.

"తెల్లారి కపిలతీర్థం కాడికి పో మా. పరుగంట. వాళ్ళు తాగి పడేసే గ్లాసులు ఎత్తల్ల. అందరికంటే వెనక నడిస్తే చాలు."

"మస్టరో?"

"నేను చెప్తాలే."

వాళ్ళ హాజరు ఫోన్లో పడుతుంది. ఆరు గంటలకు వార్డులో, చెప్పిన చోట నిలబడి, ఫోనుకు ముఖం చూపించాలి. చోటు మారితే ఫోను ఒప్పుకోదు.

ఆదివారం కపిలతీర్థం ఎదుట ఆర్చీ కట్టారు. మైకులో పాటలు పెట్టారు. ఐదున్నరకు హాఫ్ మారథాన్ వాళ్ళు వెళ్ళారు. ఆరింటికి పది కిలోమీటర్ల వాళ్ళకు జెండా ఊపారు. అలిపిరి వరకు వెళ్ళి, కొండ వారగా జూపార్కు రోడ్డు పట్టి, ఐదో కిలోమీటరు దగ్గర తిరిగి అదే దారిలో రావాలి. దాతగారి భార్య ముందు వరసలో నిలబడింది. ఫొటోలు తీశారు. ఆమె మొదటి మ్యాట్ దాటినప్పుడు పెట్టె కీచుమంది.

అందరూ వెళ్ళిపోయాక, ఆర్చీ కింద నుంచి చెత్త ఎత్తే ఆమె బయల్దేరింది. భుజాన గోతం, చేతిలో పొరక.

అలిపిరి గరుడ సర్కిల్ దగ్గర నీళ్ళ బల్ల ఉంది. దాతగారి భార్య అక్కడి దాకా నడిచింది. నీళ్ళు తాగింది. బిబ్ గుచ్చుకుంటోందని తీసి బల్ల మీద పెట్టింది. కారు వెనకే వస్తోంది. ఎక్కి, టిఫిను చేసి వస్తానని చెప్పి వెళ్ళిపోయింది. బల్ల దగ్గరున్న పిల్లలు గ్లాసులు నింపే హడావుడిలో ఉన్నారు. గాలికి బిబ్ ఎగిరి గ్లాసుల్లో పడింది.

గోతం ఆమె వచ్చేసరికి బల్ల చుట్టూ నేల కనిపించడం లేదు. గ్లాసులు, అరటి తొక్కలు, నిమ్మబద్దలు. పొరకతో ఒకచోటికి లాగి ఎత్తుతుంటే బిబ్ చేతికొచ్చింది. నెంబరుంది, పేరుంది, నాలుగు మూలలా నాలుగు కొత్త పిన్నీసులున్నాయి. ఆమెకు చదువు రాదు. కాగితం మాత్రం ఖరీదుదని తెలిసింది. గోతంలో వేస్తే తడుస్తుంది, మడిస్తే నలుగుతుంది. పై రెండు పిన్నీసులు తీసి, వాటితోనే గోతానికి బయటివైపు తగిలించుకుంది.

ఏడుంపావు దాటాక ఐదో కిలోమీటరు మలుపు దగ్గర పెట్టె కీచుమంది. చివరి మనిషి వెళ్ళి చాలా సేపయింది. కుర్రవాడు కుర్చీలోంచి లేచాడు. మ్యాట్ మీద గోతంతో ఒకామె నిలబడి ఉంది. గోతం మీద 1108.

అలవాటుకొద్దీ నెంబరు కాగితం మీద రాశాడు. తర్వాత ఆమె వైపు చూశాడు.

"ఇది నీకెక్కడిది అక్కా?"

"అలిపిరి కాడ పడుండె నాయనా. యెవురిదో యేమో." ఆమె గోతం దించింది. "మాది రంగంపేట పక్క. కనుమ దినం మా కాడ పశువుల పండగ జేస్తారు. ఎద్దుల కొమ్ములకు పలకలు కడతారు. తరుముకోని పొయ్యి యెవురు పీకితే ఆ పలక వాళ్ళదే. ఇదీ అట్లాంటిదేనా?"

"కాదక్కా. దీనిమీద ఎవరి పేరుంటే వాళ్ళదే."

"అట్లయితే నువ్వే పెట్టుకో."

"నా దగ్గర వద్దక్కా. చివర్లో టెంటు దగ్గర పోయిన వస్తువుల కౌంటరుంది. అక్కడ ఇచ్చెయ్."

ఆమె గోతం మళ్ళీ భుజానికెత్తుకుంది. మలుపు తిరిగి వెనక్కి నడిచింది.

కాసేపటికి మలుపు దగ్గర సామాను ఎత్తేశారు. మ్యాట్‌ను చుట్టి ఆటోలో వేశారు. దాంతోపాటు కుర్రవాడూ ఎక్కాడు. జూపార్కు రోడ్డులో ఆటో ఆమెను దాటిపోయింది. ఆమె రోడ్డు పక్కన కూచుని ఉంది. కుడికాలి హవాయి చెప్పు చేతిలో ఉంది. ముందు వారు గుండీ చెప్పు కన్నంలోంచి ఊడి పైకొచ్చేసింది. ఆ గుండీని మళ్ళీ కన్నంలోంచి కిందికి నెట్టి, జారిపోకుండా దాని మెడకు అడ్డంగా పిన్నీసు గుచ్చితే చెప్పు ఇంకో నెల వస్తుంది. బిబ్ కింది మూలనున్న పిన్నీసు ఒకటి తీసి గుచ్చింది. లేచి, నాలుగడుగులు వేసి చూసుకుంది. చెప్పు ఆగింది.

ఎనిమిదీ ముప్పై ఆరుకు ఆర్చీ కింద పెట్టె ఇంకోసారి కీచుమంది. మైకు దగ్గర చప్పట్ల జోరులో ఎవరూ పట్టించుకోలేదు.

కౌంటర్లో కుర్రవాడే ఉన్నాడు. ఆమె గోతం నుంచి బిబ్ విప్పి, చేత్తో తుడిచి బల్ల మీద పెట్టింది.

"మూడు పిన్నీసులుండాయి నాయనా. ఒకటి చెప్పుకు పెట్టుకున్నా. నడవడానికి కాలే. మీ వాళ్ళకు చెప్పు."

కుర్రవాడు పుస్తకంలో రాశాడు. ఆదివారం, 8.40. బిబ్ ఒకటి. పిన్నీసులు మూడు. తెచ్చినవారు అన్న చోట స్వీపరు అని రాశాడు. ఆమె పేరు చెప్పబోయింది. వెనక ఎవరో ఫోను పోయిందంటూ ముందుకొచ్చారు.

తొమ్మిదింటికి బహుమతులు. 55 ఏళ్ళు దాటిన మహిళలు, పది కిలోమీటర్లు. ఆ విభాగంలో పరిగెత్తింది ముగ్గురు. ఒకరు గంటా ఇరవై రెండు నిమిషాల్లో వచ్చారు. రెండో ఆమె గంటా యాభై. మూడో బహుమతి, బిబ్ నెంబరు 1108, రెండు గంటల ముప్పై ఆరు నిమిషాలు. మైకులో దాతగారి భార్య పేరు చదివారు.

ఆమె అప్పుడే కారు దిగుతోంది. తన పేరు విని ఒక్క క్షణం ఆగింది. చుట్టూ చప్పట్లు. జుట్టు సర్దుకుని వేదిక ఎక్కింది.

కుర్రవాడు కార్యదర్శి దగ్గరికి పరిగెత్తాడు.

"సార్, ఆ బిబ్ మేడమ్‌గారి మీద లేదు. చెత్త ఎత్తే ఆమె గోతానికి ఉండె."

"మేడమ్ దారిలో ఆగిపోవడం నువ్వు చూసినావా?"

"లేదు సార్."

కార్యదర్శి మలుపు దగ్గరి కాగితం తెప్పించాడు. చివరి వరసలో 1108 ఉంది.

"ఇది యెవురి చేతిరాత?"

"నాదే సార్."

"మ్యాట్ చెప్తా ఉండాది. నువ్వూ రాసినావు. ఇంకేంది?" కార్యదర్శి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నీకు గంటలెన్ని కావాల?"

"పదకొండు సార్."

"రెండు దినాలు కష్టపడినావు. పదహైదు రాసుకో."

డైరీ తీసుకుని సంతకం చేశాడు.

వేదిక మీద దాతగారి భార్య మెడలో పతకం వేశారు. రెండు మాటలు చెప్పమన్నారు. చివరి రెండు కిలోమీటర్లు చాలా కష్టమనిపించాయనీ, పట్టుదల ఉంటే వయసు అడ్డు కాదనీ చెప్పింది. వేదిక పక్కన పడి ఉన్న గ్లాసులు ఎత్తుతున్న ఆమెను, ఫొటోలో పడుతున్నావు జరుగమ్మా అని ఎవరో పక్కకు పంపారు.

సోమవారం వార్డులో కాంట్రాక్టరు సూపర్‌వైజరు ఆమెను పిలిచాడు. ఆదివారం గైర్హాజరు. ఒక రోజు కూలి లేదు.

"పరుగు కాడికి పోయినా సార్. మేస్త్రీ పొమ్మన్నాడు."

మేస్త్రీ ఎదురుగానే ఉన్నాడు. తాను ఎవరికీ చెప్పలేదన్నాడు.

"కాణిపాకంలో ప్రమాణం చెయ్యమన్నా చేస్తా సార్. పది కిలోమీటర్లు నడిచినా."

"కాణిపాకం ప్రమాణాలు ఫోను ఒప్పుకోదు మా. రుజువు కావాల."

"కాయితం ఒకటి దొరికితే కౌంటర్లో ఇచ్చినా. ఆడ ఒక పిల్లోడు రాసుకున్నాడు. అడగండి."

సూపర్‌వైజరు మంచివాడే. కార్యదర్శికి ఫోను చేశాడు. కార్యదర్శి పుస్తకం తెప్పించి చదివాడు. ఆదివారం, 8.40. బిబ్ ఒకటి. పిన్నీసులు మూడు. తెచ్చినవారు స్వీపరు.

"పేరు లేదా సార్?"

"పేరు లేదు. అదుండనీ, బిబ్‌కు నాలుగు పిన్నీసులిచ్చినాం. మేడమ్‌గారు ఆ బిబ్‌ను ఫ్రేము కట్టించుకుంటారంట. ఒకటి తక్కువుంది, కనుక్కో."

సూపర్‌వైజరు ఫోను పెట్టేశాడు.

"స్వీపరంటే యెవురైనా కావచ్చు. అది నువ్వేనని గుర్తేంది?"

ఆమె ముఖం విప్పారింది. కుడికాలి చెప్పు విడిచి, తిరగేసి చూపించింది.

"ఇదో సార్, ఆ నాలుగో పిన్నీసు."

సూపర్‌వైజరు వంగి చూశాడు. పిన్నీసు కొత్తది, ఇంకా మెరుస్తోంది. రుజువు దొరికింది. పుస్తకం తీసి గైర్హాజరు కొట్టేశాడు, హాజరు వేశాడు. దాని కింద రాశాడు: పరుగులో మూడో బహుమతి పొందిన మేడమ్‌గారి పిన్నీసు తీసుకున్నందుకు ఒక రోజు కూలి కోత.